ఈ ఇంట్లో ద్రోహి లేడు

ఉత్తర వేల్స్‌లోని బెథెస్డా అనే చిన్న ఊళ్లో 1901 వేసవి నుంచి ఇంటింటి కిటికీలో ఒక అట్టముక్క కనిపించేది. దాని మీద వెల్ష్ భాషలో ఒకటే వాక్యం: ఈ ఇంట్లో ద్రోహి లేడు. అట్ట ఉంటే ఆ ఇంటివాళ్లు సమ్మెలో ఉన్నట్టు. అట్ట లేని ఇంటి సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. నిన్నటిదాకా ఉన్న అట్ట ఇవాళ కనపడకపోతే, ఆ ఇంటి మగవాడు గనిలో పనికి దిగాడని వీధి వీధంతా గ్రహించేది. ఇక ఆ ఇంటితో మాటల్లేవు, ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు, చావుపుట్టుకల్లో పలకరింపుల్లేవు.

ఓగ్వెన్ లోయలో కొండను మెట్లు మెట్లుగా తొలిచిన ఆ గని పేరు పెన్రిన్. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి అంత పెద్ద పలకరాతి గని ప్రపంచంలో మరొకటి లేదు. గొయ్యి దాదాపు మైలు పొడవు, 1,200 అడుగుల లోతు. ఇంచుమించు 2,800 మందికి అదే బతుకుతెరువు. ఇంగ్లండ్‌లో మిల్లులు లేచిన ఎన్నో ఊళ్లలో కూలీల ఇళ్లకు కప్పు వేల్స్ పలకరాయే. వేల్స్ గనులన్నీ కలిపి 1898లో అయిదు లక్షల టన్నుల దాకా పలకలు తీశాయి. ఆ పనిలో 17,000 మంది ఉండేవారు. ఆ రాతికి అదే మహర్దశ, అక్కణ్నుంచి అంతా దిగుడే. ఆ దిగుడులో బెథెస్డాకు తగిలిన దెబ్బ మరే ఊరికీ తగల్లేదు. ఎందుకంటే మిగతా ఊళ్లను బజారు పడగొట్టింది. బెథెస్డాను బజారు కన్నా ముందు ఒక దొర పంతం రెండుగా చీల్చింది.

రాయి యాభై కోట్ల ఏళ్ల నాటిది. సముద్రం అడుగున పేరుకున్న బురద భూమి ఒత్తిడికి గట్టిపడి, పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. దాన్ని తవ్వడానికి పెట్టిన సొమ్ము అంత పాతదీ కాదు, అంత శుభ్రమైనదీ కాదు. 1780ల్లో ఈ గనిని పెద్దయెత్తున తవ్వించడం మొదలెట్టిన రిచర్డ్ పెన్నంట్‌కు జమైకాలో చెరుకు తోటలుండేవి. ఆ తోటల్లో చాకిరీ చేసేది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. లివర్‌పూల్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన ఈయన, బానిస వ్యాపారాన్ని నిషేధించకూడదని సభలో వాదించినవాడు. చెరుకు డబ్బుతో కొండకు దారులు వేయించాడు, బాంగర్ దగ్గర సముద్రతీరాన రేవు కట్టించాడు. గని నుంచి రేవుదాకా గుర్రాలు లాగే బళ్లకు పట్టాలు వేయించాడు. 1801లో ఆ పట్టాల మీద పలకలు కదిలాయి.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయినప్పుడు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకు కాదు, యజమానులకు. పెన్నంట్ వారసుడు జార్జ్ హే డాకిన్స్ పెన్నంట్ 764 మందిని వదులుకున్నందుకు 14,683 పౌండ్లు పుచ్చుకున్నాడు. ఆ కాలంలోనే గనికి కొన్ని మైళ్ల దూరంలో పెన్రిన్ కోట లేచింది. చూడ్డానికి మధ్యయుగపు రాజుల కోటలా ఉంటుంది గాని, దాన్ని కట్టింది 1820, 30ల్లోనే. కోటలో పలకరాతితోనే చేయించిన మంచం ఒకటుంది, బరువు ఒక టన్ను. 1859లో విక్టోరియా రాణి విడిదికి వచ్చినప్పుడు దాని మీద పడుకోనని చెప్పేసిందంటారు. రాణి కాదన్న ఆ రాతిని తవ్వితీసిన వాళ్లు కొండకింద ఇరుకు ఇళ్లలో పడుకునేవారు.

ఆ పనివాళ్లు మాత్రం తమను కూలీలనుకోలేదు. పనివాడితనం గురించి వాళ్లకున్న గర్వం తెలియకపోతే తర్వాత జరిగిన కథ అర్థం కాదు.

పని గుత్త పద్ధతిలో నడిచేది. కొండముఖాన్ని ఆరేసి గజాల చొప్పున పంచి, ఒక్కో ముక్కను ఒక్కో జట్టుకు అప్పగించేవారు. జట్టులో ఇద్దరు కొండమీద. పైన కట్టిన గొలుసును తొడకు చుట్టుకొని, గాల్లో వేలాడుతూ రాతికి రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చేవారు. కింద పాకలో ఇంకో ఇద్దరు. ఒకడు దిమ్మను పలకలుగా చీలుస్తాడు, రెండోవాడు అంచులు కోసి కొలతకు తెస్తాడు. చీల్చేవాడి దగ్గర ఉన్న సామానల్లా వెడల్పాటి పల్చటి ఉలి, ఒక కొయ్య సుత్తి. దిమ్మను కాలికి ఆనించుకొని, అంచున ఉలి మొన పెట్టి, మెల్లగా తడతాడు. బలంతో పనిలేదు. రాతిలో పొర ఎటు పోతోందో చెయ్యి పసిగట్టాలి. దిమ్మ సరిగ్గా సగానికి విడిపోతుంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తాడు, దాన్ని మళ్లీ సగం. రాయి కొండలోంచి వచ్చిన తడి ఆరకముందే ఇదంతా జరగాలి. ఆరిన రాయి మొండికేస్తుంది. ఈ విద్య బడిలో వచ్చేది కాదు. పిల్లవాడు పన్నెండు పదమూడేళ్లకే గనిలో చేరి, ఏ జట్టుకూ చెందకుండా అందరికీ అందిస్తూ, వాళ్లు వదిలేసిన ముక్కల మీద చెయ్యి తిప్పుకుంటూ నేర్చుకునేవాడు.

పలకల కొలతలకు దొరసానుల పేర్లు పెట్టారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉంటే డచెస్. ఇరవై అంగుళాలకు పది అయితే కౌంటెస్. పదహారుకు ఎనిమిది అయితే ఉత్త లేడీ. దొరసాని హోదా తగ్గేకొద్దీ పలక చిన్నదవుతుంది, ధర పడిపోతుంది.

ప్రతి నెలా మొదట్లో యాజమాన్యం తరఫు మేస్త్రీ వచ్చి, జట్టు ముందు నిలబడి, రాతిని చూసి ఆ నెల రేటు ఖాయం చేసేవాడు. మంచి రాయి పడ్డ జట్టుకు రేటు తక్కువ, చెడ్డ రాయి పడ్డవాళ్లకు ఎక్కువ. అందరికీ చివరకు గిట్టుబాటు కావాలన్నది నియమం. కానీ తక్కెడ మేస్త్రీ చేతిలో. అతని కన్ను చల్లగా ఉంటే ఆ నెల ఇంట్లో రొట్టె, వెన్న. లేదంటే అప్పు. పనివాడు వెల్ష్ మాట్లాడతాడు, చాపెల్‌కు వెళతాడు, లిబరళ్లకు ఓటేస్తాడు. దొర ఇంగ్లీషు మాట్లాడతాడు, ఆంగ్లికన్ చర్చికి వెళతాడు, ఆయన టోరీ. ఈ రెండు లోకాలకూ మధ్య నెలకొకసారి జరిగే బేరం అది. అందుకే ఆ బేరంలో ఒంటరిగా నిలబడకుండా తమ కమిటీ తమ తరఫున మాట్లాడాలన్నది పనివాళ్ల కోరిక. చివరిదాకా వాళ్లడిగిన వాటిలో అసలైనది ఇదే.

మధ్యాహ్నం తిండికి అందరూ ఒక రాతి గుడిసెలో చేరేవారు. దాన్ని కాబన్ అనేవారు. టీ తాగుతూ ఆదివారం ప్రసంగం మీద చర్చ, పార్లమెంటు మీద చర్చ, పద్యపోటీలు, పాటలు. దానికి ఒక అధ్యక్షుడు కూడా ఉండేవాడు. 1884లో బాంగర్‌లో విశ్వవిద్యాలయ కళాశాల తెరిచినప్పుడు ఈ గనివాళ్లు జీతంలోంచి చందాలిచ్చారు. తమ పిల్లలెవరైనా అక్కడ చదువుతారో లేదో తెలియకుండానే ఇచ్చారు. అలాంటి మనుషులతో పంతానికి దిగాడు దొర.

పంతం ఒక్కరోజులో పుట్టలేదు. 1874లో ఉత్తర వేల్స్ గని కార్మికుల సంఘం ఏర్పడింది. ఆ ఏడాదే పెన్రిన్‌లో గొడవ జరిగి, చివరకు యాజమాన్యం దిగొచ్చి ఒప్పందం రాసుకుంది. కార్మికుల కమిటీకి గుర్తింపు వచ్చింది. పదకొండేళ్లు గని ఒక దారిలో నడిచింది. 1885లో దొర కొడుకు, తర్వాత తనే దొర అయిన జార్జ్ షోల్టో డగ్లస్ పెన్నంట్ గని వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాడు. చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆ ఒప్పందాన్ని చెత్తబుట్టలో వెయ్యడం. గని తనది, పని ఇచ్చేది తను, మధ్యలో కమిటీ ఎవరన్నది ఆయన వాదన. ఏ పనివాడైనా తనతో విడిగా మాట్లాడుకోవచ్చు, గుంపుగా మాత్రం కుదరదన్నాడు. లెక్కలు రాయడంలో దిట్ట అయిన ఇ.ఎ.యంగ్ అనే ఇంగ్లీషువాణ్ని మేనేజరుగా తెచ్చి కూర్చోబెట్టాడు. 1896లో డెబ్భై మందికి పైగా కార్మికులను పక్కన పెట్టడంతో గని మూతపడింది. పదకొండు నెలలు పస్తులుండి, 1897 ఆగస్టులో జనం వట్టి చేతులతో పనికి వెళ్లారు. ఆ ఓటమిలో గెలిచినవాడికి ఒక పాఠం దొరికింది: ఆకలి తన తరఫున పనిచేస్తుంది.

1900 ఏప్రిల్‌లో యంగ్ కొత్త హుకుం జారీ చేశాడు. గని ఆవరణలో సంఘం చందా వసూలు చెయ్యకూడదు. అదే ఏడాది శరత్కాలంలో, జట్లకు ఇవ్వాల్సిన కొండముక్కలను కాంట్రాక్టరుకు కట్టబెట్టారు. గుత్త మీద, అంటే తన చేతిపని మీద తనకున్న పెత్తనం పోతుందన్న భయం పనివాళ్లలో రాజుకుంది. ఒక కాంట్రాక్టరును జనం తన్ని తరిమారు. ఇరవై ఆరుగురి మీద కేసు పెట్టారు. నవంబరు మొదట్లో బాంగర్ కోర్టులో విచారణ ఉందంటే తోటివాళ్లు పని మాని, బారులు తీరి అక్కడికి నడిచారు. చివరకు ఆ ఇరవై ఆరుగురిలో కొందరికే శిక్ష పడింది. నడిచినందుకు మాత్రం అందరికీ రెండు వారాలు పని బందయింది.

రెండు వారాలు గడిచి పనిలోకి వచ్చేసరికి ఎనిమిది మెట్ల మీద జట్లకు గుత్తలే ఇవ్వలేదు. సుమారు 800 మంది పనిముట్లు పట్టుకొని నిలబడిపోయారు. మిగతా వాళ్లు తోటివాళ్లకు పనిస్తే గాని మేము చెయ్యమన్నారు. 1900 నవంబరు 22, గురువారం. ఉలీ సుత్తీ సర్దుకొని 2,800 మంది కొండ దిగారు. దొర దాన్ని సమ్మె అన్నాడు. వాళ్లు లాకౌట్ అన్నారు. ఊరు మాత్రం ఇప్పటికీ దాన్ని మహా సమ్మె అనే పిలుస్తుంది.

మొదటి చలికాలం ధైర్యంగానే గడిచింది. సంఘం నుంచి కొద్దిపాటి భత్యం వచ్చేది. ఇంగ్లండ్ పత్రికలు నిధులు పోగుచేశాయి. బెథెస్డా గాయక బృందాలు ఊరూరా తిరిగి పాడి, వచ్చిన డబ్బు ఇంటికి పంపాయి. రాతిగనిలో పనిచేసేవాళ్లు చాపెల్‌లో నేర్చుకున్న పాటలు నిండు సభల్లో పాడుతుంటే లండన్ పెద్దమనుషులు కళ్లు తుడుచుకున్నారు. కానీ చందాలతో ఒక ఊరు ఎన్నాళ్లు తింటుంది? వయసులో ఉన్నవాళ్లు దక్షిణ వేల్స్ బొగ్గు గనులకు బయల్దేరారు. అక్కడ పని దొరికింది. వెలుతురులో కొండమీద పనిచేసే అలవాటున్నవాళ్లు భూగర్భపు చీకటిలోకి దిగారు. వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ఇల్లు వదిలి పోలేని సంసారులు. అంటే ఆకలికి ముందు లొంగేవాళ్లు.

దొర సరిగ్గా దీనికోసమే ఆగాడు. 1901 జూన్ 11న గని తెరుస్తున్నామని, వచ్చినవాళ్లకు నూటికి అయిదు చొప్పున జీతం పెంచుతామని ప్రకటించాడు. సుమారు నాలుగు వందల మంది వెళ్లారు. తలా ఒక బంగారు పౌండు బహుమానంగా ఇచ్చాడు. వీధిలోకి రాకముందే దానికి ఊరు పేరు పెట్టేసింది: తోక పౌండు. తోకాడించినందుకు దక్కిన కూలి అని.

వెళ్లినవాళ్లు కూడా నిన్నటిదాకా కొండమీద ఒకే గొలుసుకు వేలాడినవాళ్లే. ఒకడి ఇంట్లో పిల్లకు జబ్బు. ఒకడికి షావుకారు అప్పివ్వడం మానేశాడు. ఒకడు దొర ఇచ్చిన ఇంట్లో ఉంటున్నాడు, ఖాళీ చెయ్యమంటే రోడ్డున పడతాడు. ఒకడికి సమ్మె మీద నమ్మకమే లేదు. కారణాలు నూరు. కానీ కిటికీలో అట్టకు ఆ కారణాలు రాసే చోటు లేదు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే ద్రోహి.

వెళ్లినవాళ్ల పేర్లు పత్రికల్లో అచ్చయ్యాయి. పొద్దున్న గనికి వెళ్లేటప్పుడు, సాయంత్రం వచ్చేటప్పుడు వాళ్ల వెంట ఈలలు, కేకలు, పోలీసుల కాపలా. అన్నకూ తమ్ముడికీ మాటలు పోయాయి. దుకాణాలు రెండయ్యాయి, సారాకొట్లు రెండయ్యాయి. చాపెల్‌లో పక్క బల్ల మీద కూర్చోవడానికి కూడా ఇష్టపడలేదు. పనికి వెళ్లినవాళ్లు కొందరు దొర చర్చికి చేరారు, సమ్మెలో ఉన్నవాళ్లు కొందరు ఆ చర్చి మానేశారు. లోయ అవతల ట్రెగార్త్ పనికి వెళ్లినవాళ్ల ఊరనిపించుకుంది, బెథెస్డా సమ్మెవాళ్ల ఊరనిపించుకుంది. 1901 చివర్లో రాళ్లు లేచాయి, కిటికీలు పగిలాయి, సైన్యం దిగింది. పాటలకు పేరుపడ్డ లోయలో బందూకులు భుజాన వేసుకున్న సిపాయిలు కవాతు చేశారు.

దొర ఎందుకు తొణకలేదు? ఆయనకు గని ఒక్కటే ఆధారం కాదు. వేల ఎకరాల భూమి ఉంది, ఇళ్ల అద్దెలున్నాయి, మూడు తరాలు పోగేసిన సొమ్ముంది. పనివాడికి ఉన్నది వారం తిండి. ఇద్దరూ సమానంగా బేరమాడుతున్నారని చట్టం అనుకునేది. 1901 జులైలోనే బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం టాఫ్ వేల్ రైల్వే కేసులో, సమ్మె వల్ల కలిగిన నష్టానికి సంఘమే పరిహారం చెల్లించాలని తేల్చింది. గాలి ఎటు వీస్తోందో దొరకు తెలుసు. పార్లమెంటులో బెథెస్డా గురించి ప్రశ్నలు లేచినా, మధ్యవర్తిత్వం చేస్తామని పెద్దలు ముందుకొచ్చినా, బయటివాళ్ల జోక్యం అక్కర్లేదన్నాడు. కార్మికుల పక్షాన పత్రికలో రాసిన స్థానిక నాయకుడు డబ్ల్యు.జె.పారీ మీద పరువునష్టం దావా వేసి, 1903లో 500 పౌండ్లు గెలుచుకున్నాడు. లెక్క వేస్తే, నాలుగు వందల మందికి పంచిన బంగారు పౌండ్ల ఖర్చు అందులోనే వచ్చేసింది.

నాలుగో చలికాలం ఎదురుగా కనిపిస్తుండగా సంఘం చేతులెత్తేసింది. 1903 నవంబరు 14న సమ్మె ముగిసింది. కమిటీకి గుర్తింపు రాలేదు. కనీస వేతనం రాలేదు. చందా వసూలు హక్కు రాలేదు. పని కావాలన్నవాడు ఒక్కొక్కడుగా వెళ్లి, మేనేజరు ముందు నిలబడి అడుక్కోవాలి. ముందున్న నాయకులకు తలుపు మూసేశారు. చాలామందికి పాత గుత్త దక్కలేదు, చెత్తరాయి ఉన్న మెట్ల మీద పడేశారు. 2,800 మంది అన్న లెక్క ఆ గని మళ్లీ చూడలేదు.

దొర గెలిచాడు. గని గెలిచిందా? సమ్మె నడిచిన మూడేళ్లలో ఇళ్లు కట్టేవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఫ్రాన్స్ నుంచి, అమెరికా నుంచి పలకలు తెప్పించుకున్నారు, మట్టి పెంకులకు అలవాటు పడ్డారు. ఆపైన ఇళ్ల నిర్మాణమే మందగించింది. పెంకు చవక, వేయడం తేలిక. మొదటి ప్రపంచయుద్ధంలో పలకరాతి పని యుద్ధానికి అవసరం లేని పరిశ్రమల్లో చేరింది, కుర్రాళ్లు సైన్యంలోకో ఆయుధ కర్మాగారాల్లోకో పోయారు. ఆ కొండల్లో రెండో పెద్ద గని డినోర్విక్ 1969లో దివాళా తీసి మూతపడింది. పెన్రిన్ మూయలేదు గాని, 1964లో పెన్నంట్ల చేయి దాటి ఒక నిర్మాణ సంస్థకు అమ్ముడుపోయింది.

గని ఇచ్చిన ఇంకొకటి ఊళ్లో ఉండిపోయింది. పాకలో రోజంతా రాయి చీల్చి, కోసేవాళ్ల ఊపిరితిత్తుల్లో సన్నటి దుమ్ము చేరేది. నలభై దాటేసరికి దగ్గు, ఆయాసం. పలకరాతి గనుల వైద్యులు కొందరు ఆ దగ్గుకు కారణం మరగకాచిన టీ తాగడమని చెప్పారు. దుమ్ము వల్ల వచ్చే జబ్బుకు ఈ పలకరాతి కార్మికులకు పరిహారం దక్కేలా బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1979లో. మహా సమ్మె నాటికి ఇరవై ఏళ్లున్న కుర్రాడు అప్పటిదాకా బతికి ఉంటే, పరిహారం కోసం తొంభై తొమ్మిదో ఏట దరఖాస్తు పెట్టుకోవాలి.

చీలిక తరాలకు పాకింది. సమ్మె ముగిసిన మరుసటి ఏడాది బెథెస్డాలో పుట్టిన కారడాగ్ ప్రిచర్డ్‌కు అయిదు నెలలు నిండేసరికే తండ్రి గనిలో ప్రమాదానికి బలయ్యాడు. తల్లి మతి చెదిరి పిచ్చాసుపత్రి పాలయింది. ఆ కొడుకు 1961లో రాసిన నవలను వెల్ష్ సాహిత్యంలో గొప్పదిగా లెక్కిస్తారు. ఒక గనుల ఊళ్లో పేదరికం, పిచ్చి, చావు మధ్య పెరిగే పిల్లవాడి కథ అది. టి.రోలండ్ హ్యూస్ 1946లో సమ్మె మీదే ఒక నవల రాశాడు. ఇళ్లలో మాత్రం ఆ కథను పుస్తకంగా చదవలేదు. ఎవరి తాత అట్ట తీసేశాడో, ఎవరి తాత పెట్టుకున్నాడో మనవలకూ తెలుసు. ఫలానా వాళ్లింటి పిల్లను చేసుకోవద్దని, ఫలానా కొట్టుకు వెళ్లొద్దని పెద్దలు చెప్పారు.

1951లో పెన్రిన్ కోట నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. టిక్కెట్టు కొనుక్కొని ఎవరైనా వెళ్లి ఆ టన్ను బరువు మంచాన్ని చూడొచ్చు. బెథెస్డాలో ఆ గుమ్మం తొక్కనని పట్టుబట్టిన కుటుంబాలు ఈ మధ్యదాకా ఉన్నాయి. 2021లో యునెస్కో వాయవ్య వేల్స్ పలకరాతి ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పెన్రిన్‌లో ఒకపక్క ఇంకా రాయి తీస్తున్నారు. పాత గొయ్యి నీటిమడుగు అయింది. 2013 నుంచి దాని మీదుగా తీగ కట్టి, గంటకు వంద మైళ్లకు పైగా వేగంతో మనుషులను జార్చే వినోదం నడుస్తోంది. గొలుసు తొడకు చుట్టుకొని కూలి కోసం వేలాడినచోట ఇప్పుడు డబ్బిచ్చి వేలాడుతున్నారు.

ఇంత దూరపు ఊరి గొడవ మనకెందుకు అంటారా? టాఫ్ వేల్ తీర్పుతో బ్రిటన్ సంఘాలు పోగొట్టుకున్న రక్షణ 1906లో వచ్చిన చట్టంతో తిరిగొచ్చింది. మనకు అంతకన్నా ఆలస్యమైంది. 1918లో మద్రాసులో బి.పి.వాడియా పెట్టిన కార్మిక సంఘం మీద బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల యాజమాన్యం కోర్టుకెక్కింది. సంఘం నడిపినవాళ్ల మీద హైకోర్టు నిషేధపుటుత్తర్వు ఇచ్చింది. టాఫ్ వేల్ తీర్పు నడిచిన దారే అది. ఆ తర్వాతే 1926లో మన దేశానికి కార్మిక సంఘాల చట్టం వచ్చింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, సీమ జిల్లాలూ ఉన్నాయి కనుక ఆ కథ మనదీ.

పలకరాయి కూడా మనకు కొత్తది కాదు. తెలుగు పిల్లలు తరతరాలుగా అక్షరాలు దిద్దింది మార్కాపురం పలకల మీద. ఆ పలకలు చేసే చోట పనిచేసే పిల్లలు బడికి పోవడం లేదని గుర్తించి, 1988లో దేశంలో తొలిసారి బాలకార్మికుల ప్రాజెక్టులు పెట్టిన చోట్లలో మార్కాపురాన్నీ చేర్చాల్సి వచ్చింది. రాతి పనిలో బక్కవాడి గొంతు ఎక్కడైనా ముందు నొక్కుకుపోతుందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

చట్టాలు వచ్చాయి గనుక దొర ఎత్తుగడ చెల్లదనుకోవడం పొరపాటు. దాన్ని ఇప్పుడు వేరే పేర్లతో వాడుతున్నారు. ఒకే గనిలో పర్మినెంటు వాడికి ఒక రేటు, కాంట్రాక్టు వాడికి ఇంకోటి. ఊరివాడికి ఒక మాట, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన కూలీకి ఇంకో మాట. చీలితే చాలు, మిగతా పని ఆకలి చూసుకుంటుంది. బెథెస్డా సమ్మెదారులది న్యాయమైన పోరాటం, అందులో సందేహం లేదు. కానీ పౌండు ఇచ్చినవాడి మీద పెట్టాల్సిన కోపాన్ని వాళ్లు పౌండు పుచ్చుకున్నవాడి ఇంటి మీద ఎక్కువగా పెట్టారు. సమ్మె మూడేళ్లకు ముగిసింది. ఆ కోపం ముగియడానికి మూడు తరాలు పట్టింది.

నాలుగు వందల బంగారు నాణేలకు ఒక ఊరు రెండు ముక్కలయింది. అంతకన్నా చవకైన బేరం పెన్నంట్ల వంశం జమైకాలో కూడా చేసి ఉండదు. మన గనుల్లో, మన మిల్లుల్లో రేపు ఎవరైనా అలాంటి నాణెం చేతిలో పెడితే, పుచ్చుకున్న పక్కింటివాణ్ని వెలివేసే ముందు, అది ఇచ్చిన చేతిని చూడండి.